‘మార్చినవారు’ అనే గడి

ఒక మనిషిని దోషిగా తేల్చడానికి నాకు పట్టిన సమయం ఒక గ్లాసు టీ తాగినంత. ఆ తేల్చింది తప్పని ఒప్పుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. రిటైరైనవాళ్ళు సాధారణంగా తమ విజయాలు రాసుకుంటారు. నాకూ కొన్ని ఉన్నాయి, కానీ వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీద కనబడిందే సాక్ష్యం అనుకునే నేటి ఉద్యోగులకు నా ఓటమే ఎక్కువ పనికొస్తుంది.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. లేకపోతే నా తప్పు ఎంత సిగ్గుచేటో మీకు అర్థం కాదు. జీతం కోసం సహకార సంఘాల్లో గుమాస్తాగా చేరి కార్యదర్శి దాకా వచ్చాను. జీతం లేకుండా చేసిన పని వేరే ఉంది: మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు, కరపత్రాలు, బహిరంగ సవాళ్ళు. కొయ్యూరు నుంచి పాచిపెంట దాకా నేను గొంతు చించుకోని సంత లేదు. చిల్లంగి, అంటే చేతబడి, అన్న మాట ఎక్కడ వినబడినా అక్కడికి బయల్దేరేవాణ్ణి. ఊళ్ళో వరసగా పశువులు చచ్చినా, పిల్లలు జ్వరాలతో పడినా, ఎవరో చిల్లంగి పెట్టారని జనం అనుకుంటారు. కొండ ఊళ్ళలో జోస్యం చెప్పే దిసారిని పిలుస్తారు. ఆయన చేటలో బియ్యం పోసి, కళ్ళు మూసుకుని, ఒక పేరు చెబుతాడు. ఆ పేరు దాదాపు ఎప్పుడూ ఎవరూ లేని ముసలమ్మదో, బయటి ఊరినుంచి వచ్చిన కోడలిదో అయి ఉంటుంది. ఆ తర్వాత ఆమె బతుకు ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

“చేట చెప్పలేదు, మీ భయం చెప్పింది” అనేవాణ్ణి. “పెట్టిందన్నవాడే రుజువు చూపాలి. పెట్టలేదని ముసలమ్మ రుజువు చేయక్కర్లేదు.” ఈ రెండు వాక్యాలు నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

అలాంటివాణ్ణి ఉద్యోగం చివరి సంవత్సరాల్లో అరకు లోయలో ఒక కాఫీ రైతుల సంఘానికి కార్యదర్శిగా వేశారు.

సంఘం చేసే పని కష్టమైనదేమీ కాదు, ఆలస్యాన్ని మాత్రం ఓర్చుకోదు. కొండ ఊళ్ళవాళ్ళు కోసిన కాఫీ పండ్లను పల్పింగ్ యూనిట్‌కు తెస్తారు. అక్కడ యంత్రం తొక్క ఒలిచి గింజ తీస్తుంది. కోసిన రోజే ఒలవాలి. గోనెలో మర్నాటిదాకా ఉంటే పండు వేడెక్కి పులుస్తుంది, గింజకు వాసన పడుతుంది. ఇక దాన్ని మంచి రకంలో ఎవరూ కలపరు. యంత్రం ఒకటే, ఊళ్ళు చాలా. కాబట్టి ఏ ఊరు ఏ రోజు తేవాలో ముందే కబురు వెళ్ళాలి. ఇదివరకు జీపు డ్రైవర్ల నోటితో పంపేవాళ్ళం. సంఘానికి వెబ్‌సైటు వచ్చాక అందులో ‘పండ్ల తేదీలు’ అని ఒక పేజీ పెట్టాం. ప్రతి ఊళ్ళోనూ బారికి ఉంటాడు, ఊరందరికీ కబురు కేకేసి చెప్పే మనిషి. ఆ బారికి సిగ్నల్ అందే గట్టు ఎక్కి, ఫోన్లో మా పేజీ చూసి, కిందికి దిగి కేక వేసేవాడు. దిసారి చెప్పే ముహూర్తం పోయి వెబ్‌సైటు చెప్పే తేదీ వచ్చిందని నేను పొంగిపోయి ఒక వ్యాసం కూడా రాసి పడేశాను.

ఆ పేజీ చూసుకునేది మా ఆపరేటర్. పక్క కొండ మీది ఊరి అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళుంటాయి. హాస్టళ్ళలో ఉండి డిగ్రీ చేసింది. ఇంట్లో కువి, సంతలో ఒడియా, ఆఫీసులో తెలుగు. మూడు భాషల్లోనూ అవసరానికి మించి మాట్లాడేది కాదు. తేదీల నోటీసు రాసి పెట్టడం వరకే ఆమెకు అధికారం. వెబ్‌సైటు మిగతా తాళాలన్నీ నా దగ్గరే ఉండేవి.

పంట మొదలవుతున్న రోజుల్లో ఒక ఉదయం ఆమె ఫైలు ఇవ్వడానికి నా బల్ల దగ్గరికొచ్చి తెర వైపు చూసింది.

“సార్, ఆ ఎర్ర గుండ్రం సూసేరా? తేదీల ప్లగిన్‌కి అప్‌డేట్ వచ్చిందంట. వారం నుంచీ అలాగే ఉంది.”

“అయితే?”

“సేసీమంటారా?”

“ఆ అనుమతి నీకు లేదుగా.”

“లేదండి. మీరిత్తే సేత్తాను.”

“పనిచేసేదాన్ని కెలక్కూడదమ్మా” అని పంపేశాను. ప్లగిన్ అంటే ఏమిటో ఆనాటికి నాకు తెలిసింది ఇంతే: వెబ్‌సైటుకు తగిలించుకునే రెడీమేడ్ ముక్క. మా తేదీల పేజీ అలాంటి ముక్కతోనే నడిచేది. విశాఖపట్నంలో మా వెబ్‌సైటు కట్టిన కుర్రవాడు దాన్ని ఎక్కడినుంచో ఉచితంగా తెచ్చి బిగించాడు.

తర్వాత పది రోజులకు మొదటి దెబ్బ తగిలింది.

పొద్దున్న మంచు ఇంకా విడవలేదు. పల్పింగ్ యూనిట్ గేటు ముందు రెండు ఊళ్ళ జనం గోనెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ వంతు మర్నాడు. ఆ రోజు యంత్రం విప్పి, దాని ఇనప పళ్ళు మార్చడానికి మెకానిక్ కింద పరిచి పెట్టాడు. నేను నోటీసు చూపించబోతే ఒక నడివయసు మనిషి నా చెయ్యి తోసేశాడు.

“నీ కాయితం ఎవుడిక్కావాల బాబూ! మీ కంప్యూటర్లో సూసే మా బారికి కేకేసేడు.”

ఫోన్లో పేజీ తెరిచాను. నిజమే. మేం పెట్టిన తేదీ ఒక రోజు ముందుకు జరిగి ఉంది. జనం తిట్టారు, కూర్చున్నారు, మళ్ళీ తిట్టారు. తిరిగి కొండెక్కి మోసుకుపోలేక చాలామంది ఆ పండ్లను సంత వీధిలో ఉన్న షావుకారు కొట్టు దగ్గర దించేసి వెళ్ళారు. ఆయన మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ వ్యాపారి. సంఘం రాకముందు లోయలో పండ్లన్నీ ఆయనవే.

పొరపాటు అనుకుని తేదీ సరిచేయించాను. ఆరు రోజుల తర్వాత మరో ఊరికి అదే జరిగింది, ఈసారి ఒక రోజు వెనక్కి, అదీ వాళ్ళు పండ్లు కోసేశాక. ఊరివాళ్ళు వచ్చేసరికి వాళ్ళ గోనెలు వెచ్చగా ఉన్నాయి. ఒక ముసలమ్మ గోనె మూతి విప్పి నా చెయ్యి పట్టి అందులో పెట్టింది. పులిసిన వాసన ఆ రోజంతా నా చేతిని వదల్లేదు.

ఒకసారి జరిగితే పొరపాటు, రెండుసార్లు జరిగితే పని. ఇలా ఆలోచించడం నాకు అలవాటు. ఆఫీసుకొచ్చి, టీ తెప్పించుకుని, తేదీల ప్లగిన్ లోపలి పట్టిక తెరిచాను. అందులో ప్రతి మార్పుకూ ఒక వరస: పాత తేదీ, కొత్త తేదీ, సమయం, చివర ‘మార్చినవారు’ అనే గడి. రెండు మార్పుల దగ్గరా ఆ గడిలో మా ఆపరేటర్ పేరు ఉంది.

గ్లాసు కింద పెట్టేలోగా నా బుర్రలో కేసు తయారైపోయింది. అప్‌డేట్ వంక పెట్టి నా అనుమతులు అడిగింది. ఎందుకు? వాళ్ళ అక్క మొగుడు ఎవరి జీపు నడుపుతాడు? షావుకారు జీపు. తిప్పిపంపిన పండ్లు ఎవరికి చేరాయి? షావుకారుకే. తక్కువ మాట్లాడుతుంది. ఎందుకు తక్కువ మాట్లాడుతుంది? నిన్నటిదాకా నేను మెచ్చుకున్న గుణాలన్నీ ఒక్కొక్కటే వచ్చి సాక్షుల వరసలో నిలబడ్డాయి. ఆ షావుకారు కొట్టు పక్క టీ బడ్డీలోనే నేను రోజూ కూర్చుంటాననీ, మా ఇంట్లో పప్పూ ఉప్పూ ఆయన కొట్టువేననీ మాత్రం తట్టలేదు. అనుమానం ఎప్పుడూ బయటికే చూస్తుంది, దాని కళ్ళు అలా అమర్చి ఉంటాయి.

పట్టికను ప్రింటు తీసి అధ్యక్షుణ్ణి పిలిపించాను. ఆయన అరవై దాటిన గిరిజన రైతు. చదువు ఐదో తరగతి, ఓర్పు మాత్రం చాలా పెద్దది. అమ్మాయిని నిలబెట్టి కాగితం ఆమె ముందుకు తోశాను.

“ఇదేమిటమ్మా?”

చదివింది. “నా పేరుందండి.”

“అదే అడుగుతున్నాను. ఎందుకుంది?”

“నాకూ తెలీట్లేదండి. నాను మార్సలేదు.”

“మార్చలేదని రుజువేమిటి?”

ఆమె తలెత్తి నన్ను చూసింది. కోపంగా కాదు, తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు చూసింది.

“సార్, నాను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మీరు మా హాస్టల్‌కొచ్చేరు. నాలిక మీద కర్పూరం ఎలిగించేరు. చిల్లంగి పెట్టిందన్నోడే రుజువు సూపాల, ముసలమ్మ సూపక్కర్లేదన్నారు. మేమందరం సప్పట్లు కొట్టేం.”

అధ్యక్షుడు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు నేనన్న మాటను మీరు జాగ్రత్తగా వినండి. ముప్పై ఏళ్ళ హేతువాదం ఆ ఒక్క మాటతో బురదలో పడింది.

“అది మూఢనమ్మకం. ఇది కంప్యూటర్.”

ఆమె అంది: “పోనీ ఒక పని సెయ్యండి. నన్ను వారం రోజులు మా ఊరు పంపీండి. అక్కడ సిగ్నల్ రాదు, మీకూ తెలుసు. నా పేరు అలాగే ఉంచండి. అప్పుడు కూడా నా పేరు మీద తేదీ మారితే?”

ఇంతకంటే శాస్త్రీయమైన పరీక్షను నేను నా జీవితంలో ఎవరికీ సూచించలేదు. నిప్పులు తొక్కేవాళ్ళ దగ్గర, విభూతి రాల్చేవాళ్ళ దగ్గర నేను అడిగింది ఇలాంటి పరీక్షే.

“నీ పాస్‌వర్డ్ బయట ఎవరికో ఇచ్చి ఉండొచ్చుగా” అన్నాను.

“బాబూ,” అన్నాడు అధ్యక్షుడు, “ఆ గుంట సెప్పినట్టు ఓపాలి సూద్దుం. మనకేటి పోయింది?”

“ఇంకో ఊరి పండ్లు పోతాయి” అన్నాను. ఆయన తగ్గాడు. ఆమె మారిస్తే దోషి. ఆమె దూరంగా ఉండగా మారితే, ఎవరిచేతనో మార్పించిన దోషి. ఏ పరీక్షకూ లొంగని నమ్మకాన్ని ఏమనాలో నేను సంతల్లో మైకు పెట్టి చెప్పినవాణ్ణే.

ఆమెను తీసేశాను. వెబ్‌సైటులో ఆమె ఖాతా చెరిపేటప్పుడు యంత్రం అడిగింది: ఈమె పేరు మీదున్న నోటీసులను ఎవరి పేరుకు మార్చమంటారు? నా పేరు ఎంచుకున్నాను. నొక్కాను. అక్కడితో పని అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. శుక్రవారం సంతలో సంఘం మైకు ఉంటుంది, తేదీలు చదవడానికి. తేదీలు చదివాక, రైతులకు ధైర్యం చెప్పాలన్న ఉబలాటంతో, “తేదీలు తారుమారు చేసిన ఉద్యోగిని తొలగించాం” అని ప్రకటించాను. పేరు చెప్పలేదు. కానీ ఆపరేటర్ అనే ఉద్యోగి మాకు ఒక్కతే అని లోయకంతా తెలుసు. మైకుకు పదడుగుల దూరంలో ఆమె తల్లి అల్లం కుప్పలు పోసి అమ్ముతోంది. నా మాట పూర్తయ్యేసరికి ఆమె అల్లాన్ని మళ్ళీ గంపలోకి ఎత్తుకుంటోంది. మధ్యాహ్నం కూడా కాలేదు. సంత ఇంకా ఊపందుకోలేదు. గంప నెత్తిన పెట్టుకుని ఎవరి వైపూ చూడకుండా కొండ దారి పట్టింది.

మూడు రోజుల తర్వాత అధ్యక్షుడు వచ్చి బెంచీ మీద కూర్చుని చాలాసేపు బీడీని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు.

“ఆళ్ళ ఊళ్ళో ఏటంటన్నారో ఇన్నావా బాబూ?”

“ఏమంటున్నారు?”

“ఆ గుంట కంప్యూటర్లో చిల్లంగి పెట్టిందంటన్నారు. పండ్లు పులిసిపోయిన ఊళ్ళోళ్ళు కూడా అదే మాట. ఊటకాడ నీళ్ళకెల్తే ఆడోళ్ళు పక్కకి తప్పుకుంటన్నారంట. దిసారిని పిలుద్దామంటన్నారు.”

అలాంటి మాట ఎక్కడ ఆగుతుందో నాకు తెలిసినంత బాగా ఆ లోయలో ఇంకెవరికీ తెలియదు. అయినా నేను కదల్లేదు. ఆమె తప్పు చేసింది నిజమే, కానీ చిల్లంగి అనడం అన్యాయం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎంత సున్నితమైన తేడానో చూడండి! నేను అంటించిన నిప్పుకు నేనే శాస్త్రీయమైన పేరు పెట్టుకున్నాను.

ఇంకో రెండు రోజులకు, నేనూ అధ్యక్షుడూ పల్పింగ్ యూనిట్‌లో ఉన్నాం. యంత్రం నుంచి గింజ జారి పడుతోంది, నా రెండు చేతులకూ జిగురు. అధ్యక్షుడి ఫోను మోగింది. ఒక ఊరి బారికి. ఈయన చెవిటివాడేమో అన్నంత గట్టిగా అవతల అరుస్తున్నాడు, నాకూ వినబడుతోంది.

“ఇందాకల రేపన్నారు, ఇప్పుడు సూత్తే ఎల్లుండంటంది! నాను కేకేసీసేను! ఊళ్ళోళ్ళు నన్ను కొట్టీగలరు, బేగి ఏదోటి సెప్పండి!”

చేతులు తుడుచుకుని నా ఫోన్లో పట్టిక తెరిచాను. తేదీ మారింది. పది నిమిషాల కిందట. ‘మార్చినవారు’ గడిలో నా పేరు ఉంది.

పది నిమిషాల కిందట నా చేతులు మోచేతుల దాకా కాఫీ తొక్కలో ఉన్నాయి. అది ఎదురుగా నిలబడి చూసినవాడు అధ్యక్షుడే. ఆయన ఫోను తీసుకుని గడి మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు.

“ఇది నీ పేరు కాదేటి?”

“నాదే.”

“ఏటి సెక్రెట్రీ బాబూ, కాళ్ళతో మార్సేత్తన్నావేటి?”

నవ్వుతూనే అన్నాడు, నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు. నా మొదటి ఆలోచన ఏమిటో దాచను: ఆ అమ్మాయి నా పాస్‌వర్డ్ కూడా దొంగిలించింది. అనుమానానికి ఆకలెక్కువ, ఎదురు సాక్ష్యాన్ని కూడా నమిలి మింగేస్తుంది. అక్కడే పాస్‌వర్డ్ మార్చాను. కొత్తది ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. మర్నాడు మధ్యాహ్నం తేదీ మళ్ళీ మారింది. మళ్ళీ నా పేరే.

అధ్యక్షుడు ఈసారి నవ్వలేదు. “ఆ గుంటకయితే ఒక్క కాయితం సాలింది. నీకు రెండయ్యాయి. మరి నిన్నేటి సెయ్యాల?”

విశాఖపట్నం కుర్రవాడికి ఫోన్ చేశాను. సాయంత్రం దాకా వెతికి తనే తిరిగి చేశాడు. అతని గొంతులో అంతకుముందు లేని వినయం ఉంది.

“సార్, మీ పాస్‌వర్డ్ ఎవరూ దొంగిలించలేదు. దాంతో పనే లేదు.”

“అంటే?”

“లాగిన్ ముందు తలుపు అనుకోండి. అది గట్టిగానే ఉంది. కానీ ఈ ప్లగిన్ తేదీ మార్చడానికి వెనకవైపు ఒక కిటికీ పెట్టుకుంది. ఆ కిటికీ దగ్గరికి ఎవరొచ్చి తేదీ మార్చమన్నా మార్చేస్తుంది. నువ్వెవరు, ఈ పని చేసే హక్కు నీకుందా అని అడగదు. ఆ అడిగే రెండు లైన్లు రాయడం ప్లగిన్ తయారుచేసినవాళ్ళు మర్చిపోయారు.”

“ఎవరైనా మార్చొచ్చా?”

“ఆ కిటికీ చిరునామా తెలిసినవాళ్ళెవరైనా. లాగినే అక్కర్లేదు.”

“మరి మా పేర్లెలా పడ్డాయి?”

“లాగిన్ కాకుండా మార్చినవాడికి పేరేముంటుంది సార్? గడి ఖాళీగా ఉండాలి. ఇది ఖాళీగా ఉంచదు. ఆ నోటీసు ఎవరి పేరు మీదుందో ఆ పేరు తెచ్చి వేసేస్తుంది. ముందు ఆ మేడమ్ పేరు మీద ఉండేవి. మీరు ఆవిడ ఖాతా చెరిపి మీ పేరుకి మార్చుకున్నారు కదా, అందుకని ఇప్పుడు మీది.”

తెలియదు అనడం రాని వస్తువొకటి, దగ్గర్లో ఉన్న పేరు తెచ్చి గడిలో వేసింది. నేను దాన్ని చదివి మైకులో చెప్పాను. చేట పట్టుకున్న మనిషిని ముప్పై ఏళ్ళు వెక్కిరించినవాణ్ణి, ఆ చేట ప్లాస్టిక్‌తో చేసి తీగ తగిలిస్తే దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“ఇంకోటి సార్,” అన్నాడు కుర్రవాడు నెమ్మదిగా. “ఈ లోపాన్ని వాళ్ళు నెల కిందటే సరిచేశారు. అప్‌డేట్ వచ్చింది. మీ తెర మీద ఎర్ర గుండ్రం కనబడలేదా?”

కనబడింది. చూసిన మనిషి నాకు చెప్పింది కూడా.

ఆ ప్లగిన్‌ను అప్పుడే పీకించేశాను. ఎవరు మార్చారో కనుక్కోమంటే, చాలాచోట్ల నుంచి ఆ కిటికీని తట్టినవాళ్ళున్నారని చెప్పాడు. కొన్ని ఏ దేశంలోనో కూర్చుని లోకంలోని వెబ్‌సైట్లన్నిటినీ తడిమే ప్రోగ్రాములు. కొన్ని దగ్గరి మొబైల్ నెట్‌వర్క్ నుంచి వచ్చినవి. వాటి వెనక మనిషి దొరకడు. కానీ తేదీని కచ్చితంగా ఒక్క రోజే జరిపినవాడు తెలుగు చదివినవాడు, కాఫీ పండు ఎన్ని గంటల్లో పులుస్తుందో తెలిసినవాడు. అలాంటి మనిషి ఎవరై ఉంటాడో నాకు బలమైన అనుమానం ఉంది. ఆధారం లేదు. మీలో కొందరు ఇప్పటికే ఒక పేరు అనుకుని ఉంటారు. దయచేసి ఒక్కసారి ఆగి, నేను టీ తాగుతూ ఏం చేశానో గుర్తు తెచ్చుకోండి.

మర్నాడు అధ్యక్షుడితో కలిసి ఆమె ఊరికి బయల్దేరాను. ఉత్తరం పంపితే సరిపోదా అని ఆయన్ని అడిగాను, అదీ చెప్పేస్తున్నాను. “మైకులో అన్న మాటకి కాయితం సాల్దు బాబూ” అన్నాడు. జీపు సగం దూరం వెళ్ళింది, మిగతాది సిల్వర్ ఓక్ చెట్ల కింద నడక. మిరియాల తీగల మధ్య పండ్లు కోసుకుంటున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి మాటలు ఆపేశారు.

ఊరి పెద్దలు కూర్చునే రాళ్ళ దగ్గర జనం చేరారు. అమ్మాయి తన ఇంటి గోడకు ఆనుకుని నిలబడింది. తల్లి బయటికి రాలేదు. అక్కడ చాలామందికి తెలుగు అంతంతమాత్రం. అధ్యక్షుడికి ఒడియా వచ్చు, కువి రాదు. నేను దోషి అన్న మనిషే నా మాటను వాళ్ళ భాషలోకి మార్చాలి. వేరే దారి లేదు. ఆమె వచ్చి నా పక్కన, రెండడుగులు ఎడంగా, నిలబడింది.

నేను ఉపన్యాసకుణ్ణి. పది నిమిషాలు మాట్లాడాను. తలుపు, కిటికీ, ఖాళీ గడి, అప్‌డేట్, అన్నీ చెప్పాను. ఆపాక ఆమె కువిలో రెండు ముక్కలు అంది. అంతే.

“ఏం చెప్పావమ్మా?”

“తప్పు ఈయనది, ఒప్పుకోడానికి వచ్చేడు అని సెప్పేనండి.”

“మరి ఆ కిటికీ సంగతి?”

“అది నాను తర్వాత సెప్తానులెండి. ముందు ఇది ఎక్కనీండి.”

రాళ్ళ మీద కూర్చున్న ఒక పెద్దాయన ఏదో అడిగాడు. అందరి తలలూ నా వైపు తిరిగాయి.

“మరి మార్సినోడెవుడని అడుగుతన్నాడండి.”

నా నాలుక చివర ఒక పేరు ఉంది. చెబితే వాళ్ళు నమ్మేవాళ్ళు. ఈ అమ్మాయి మీదున్న మరక ఆ క్షణంలోనే పోయేది, నేను ఊరిని గెలిచి దిగేవాణ్ణి.

“నాకు తెలియదని చెప్పు.”

ఆమె నన్ను ఒక నిమిషం చూసి, చెప్పింది. గుసగుసలు లేచాయి. పెద్దాయన చెయ్యి ఊపుతూ గట్టిగా ఏదో అన్నాడు. వెనక కొందరు నవ్వారు.

“దిసారికి కోడినిత్తే పేరయినా సెప్తాడు, ఈయన ఇంత దూరం నడిసొచ్చి తెలీదని సెప్పి ఎల్లిపోతాడేటి అంటన్నాడండి.”

“అవునని చెప్పు.”

అప్పుడు ఆమె పెదవి కొంచెం కదిలింది. చెప్పింది. పెద్దాయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, పొగాకు నోట్లో వేసుకుని, పక్కకు జరిగి రాయి మీద చోటిచ్చాడు. నేను కూర్చున్నాను. ఉద్యోగం తిరిగి ఇస్తున్నామనీ, వచ్చే శుక్రవారం సంతలో ఇదే మాట మైకులో చెబుతాననీ ఆమెతో అన్నాను. ఆలోచించుకుని చెబుతానంది. ఆలోచించే హక్కు ఆమెకు ఉంది కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

మేం లేవబోతుండగా, తోటకు వెళ్ళడానికి గంప చంకన పెట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి జనం వెనకనుంచి అమ్మాయిని కేకేసి అడిగింది.

“మా పెద్దమ్మండి,” అంది అమ్మాయి. “మన ఊరి పండ్లు ఏ రోజు దించాల అంటంది. నాను ఉద్యోగంలో లేను, ఆయన్నడుగు అన్నాను.”

ఆడమనిషి నన్ను అడగలేదు. అమ్మాయి మొహంలోకే చూస్తూ నిలబడింది. మిగతావాళ్ళూ అటే చూస్తున్నారు.

“నువ్వే చెప్పమ్మా” అన్నాను.

ఆమె వేళ్ళ మీద ఏ ఊరి తర్వాత ఏ ఊరి వంతో లెక్క చూసుకుంది. అధ్యక్షుణ్ణి యంత్రం సంగతి ఒక ముక్క అడిగింది. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి కువిలో చెప్పింది. పెద్దమ్మ తలూపి, గంప నెత్తిన పెట్టుకుని, తోట వైపు నడిచింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్ళూ కదిలారు.

ఏ రోజని చెప్పిందో నేను అడగలేదు.